అగడ్త దాటి ఇల్లయిన కోట



మా ఎ.కొండూరు వైపు నుంచి విజయవాడ వెళ్లేవాళ్లకు మైలవరం దాటాక కొండపల్లి కొండలు కనిపిస్తాయి. ఆ కొండ మీది కోట 14వ శతాబ్దంలో, రెడ్డిరాజుల కాలంలో లేచింది. తర్వాత గజపతుల చేతికి పోయింది. కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. గోల్కొండ సుల్తానులు ఏలారు. 1766లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. ఇంతమంది దాని మీద కన్ను వేశారంటే కారణం ఆ కొండే. కింద ఉన్నవాడు ఎక్కి రావాలి, పైన ఉన్నవాడికి రాయి దొర్లించినా పని జరుగుతుంది.

కొండ లేని చోట కోట కట్టాలంటే ఏం చెయ్యాలి? మన పాత రాజనీతి గ్రంథాలు కొండను నమ్ముకున్నదాన్ని గిరిదుర్గమనీ, అడవిని నమ్ముకున్నదాన్ని వనదుర్గమనీ, నీటిని నమ్ముకున్నదాన్ని జలదుర్గమనీ అన్నాయి. మైదానంలో ఉన్న రాజుకు దొరికే అండ నీరే. కోట చుట్టూ లోతుగా తవ్వి నీళ్లు నింపితే అదే అగడ్త. కొన్ని ఊళ్లలో కందకం అంటారు. ఆ తవ్వకంలో వచ్చిన మట్టి లోపలి గోడకు పనికొస్తుంది. ఒకే పనితో గొయ్యీ పడుతుంది, గోడా లేస్తుంది.

ఈ రోజు నేను చెప్పబోయేది అలాంటి నీటి కోటల గురించి. యుద్ధం కోసం పుట్టిన కట్టడం ఎప్పుడు, ఎందుకు మనుషులు కాపురముండే ఇల్లయింది, ఇల్లయ్యాక ఏం పని చేసింది అన్న సంగతి నాకు చాలా ఇష్టమైనది. మన చరిత్ర పుస్తకాలు కోట ముట్టడి దగ్గర ఆగిపోతాయి. ముట్టడి ముగిసిన తర్వాతి కథలోనే నాకు ఎక్కువ సారం కనిపిస్తుంది.

ముందు అగడ్త చేసే పనేమిటో చూద్దాం. గోడకు నిచ్చెన వెయ్యాలంటే నిచ్చెన కాలు నేల మీద నిలవాలి. ఏనుగుతో తలుపు పొడిపించాలంటే ఏనుగు తలుపు దాకా రావాలి. గోడ కింద సొరంగం తవ్వి మందుగుండు కూరాలంటే మన్ను పొడిగా ఉండాలి. ఈ మూడు పనులకూ నీరు అడ్డం వస్తుంది. అందుకే ముట్టడికి వచ్చిన సైన్యం మొట్టమొదట అగడ్తను పూడ్చే పనిలో పడేది. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లు మీదికి వచ్చినప్పుడు ఢిల్లీ సైన్యం మట్టికోట చుట్టూ ఉన్న కందకాన్ని మట్టితో నింపి దారి చేసుకోవలసి వచ్చింది. ఆ ముట్టడి గురించి అమీర్ ఖుస్రో రాసిన వివరాల్లో కందకం పూడ్చిన సంగతి ఉంది. ఓరుగల్లు మట్టికోటా, దాని ముందరి కందకమూ ఇప్పటికీ చాలా చోట్ల గుర్తుపట్టేట్టే ఉన్నాయి.

ఇక ఇలాంటి కోట ఇల్లయిన కథకు వద్దాం. మనకు చాలా దూరాన, జర్మనీ పడమటి భాగంలో మ్యూన్‌స్టర్‌లాండ్ అనే ప్రాంతం ఉంది. నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. చెయ్యి తవ్వితే నీళ్లు. కొండ అనేది లేదు గనుక అక్కడి ప్రభువులందరూ నీటినే నమ్ముకున్నారు. చిన్న ప్రాంతమే అయినా అక్కడ నీటి కోటలు కోకొల్లలు. వాటిలో ఫిషరింగ్ అనే కోటది మన కథకు సరిపోయే చరిత్ర. 1271లో మ్యూన్‌స్టర్ బిషప్పు దాన్ని కట్టించాడు. బిషప్పు అంటే మతాధికారి కదా, కోటతో పనేమిటని అనిపించవచ్చు. ఆ రోజుల్లో అక్కడి బిషప్పు పన్నులు వసూలు చేసే పాలకుడు కూడా. పొరుగునున్న ల్యూడింగ్‌హౌజెన్ ప్రభువులు మాట వినడం లేదని వాళ్ల గుమ్మం ముందే ఈ కోట నిలబెట్టాడు. స్టేవర్ అనే చిన్న నది నీటిని మళ్లించి చుట్టూ నింపారు. నీటి మధ్య రెండు దిబ్బలు. ఒక దిబ్బ మీద కోట, ఇంకో దిబ్బ మీద పశువుల కొట్టాలు, ధాన్యపు గాదెలు. రెంటికీ మధ్య వంతెన. ముందరి దిబ్బ శత్రువు చేతికి పోయినా కోట నిలబడాలన్నది ఆ కట్టుబడిలోని తెలివి.

ఆ చలిదేశంలో అగడ్తకు ఒక బలహీనత ఉంది. చలికాలం ముదిరితే నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు కాపలా కాయదు, దారి ఇస్తుంది. అందుకని కోటవాళ్లు మంచు పగలగొడుతూ ఉండాలి. మన దగ్గర దీనికి తారుమారు, ఎండాకాలంలో అగడ్త ఎండిపోకుండా చూసుకోవాలి. అందుకే మనవాళ్లు చెరువు దగ్గరున్న చోట కోట కట్టడానికి ఇష్టపడేవారు.

1521లో ఫిషరింగ్ కోట కాలిపోయింది. పాత పునాదుల మీదే మళ్లీ కట్టారు. అయితే ఈసారి కట్టినవాళ్ల మనసులో ఉన్నది యుద్ధం కాదు. అప్పటికే ఫిరంగులు వచ్చేశాయి. ఎంత మందపు గోడైనా ఇనుప గుండు ముందు ఎన్నాళ్లు ఆగుతుంది? ఆగని గోడను ఇంకా మందంగా కట్టడంలో అర్థం లేదు. అందుకని నీటివైపు గోడకు పెద్ద పెద్ద కిటికీలు పెట్టారు. పొయ్యిగదులూ, విందుశాలలూ కట్టారు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన అందమైన గవాక్షం ఒకటి 17వ శతాబ్దంలో చేరింది. కాలిపోకముందు ఆ గోడకు ఉన్నవి బాణం వెళ్లేంత కన్నాలే. కోట గోడకు కిటికీ పెట్టిన రోజునే అది ఇల్లయిందని నేను అంటాను. అగడ్త మాత్రం పోలేదు. కాపలా కోసం తవ్వినది ఇంటి అందం కోసం నిలిచింది. ఇప్పుడు అది మ్యూజియం.

దీనికి దాయాదిలాంటి కథ ఇంకో నీటి కోటది కూడా ఉంది, దాని పేరు హ్యూల్స్‌హోఫ్. 1417లో ద్రోస్తె అనే వంశం కొనుక్కుని, 1540ల్లో ఇప్పుడున్న ఇంటిని కట్టింది. 1797లో ఆ ఇంట్లోనే ఆనెట్ ఫాన్ ద్రోస్తె హ్యూల్స్‌హోఫ్ పుట్టింది. జర్మన్ భాషలో పెద్ద కవయిత్రి. యూరో రాకముందు జర్మనీవాళ్లు 20 మార్కుల నోటు మీద ఆమె బొమ్మ వేసుకున్నారు. ఆ కోటను రక్షించుకోవడానికి పోరాడిన ప్రభువుల పేర్లు ఆ దేశంలో మామూలు జనానికి గుర్తుండవు. ఆ నీటి ఒడ్డున పెరిగిన ఆడపిల్ల పేరు మాత్రం బడి పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు అక్కడ సాహిత్య కేంద్రం నడుస్తోంది.

సరే, మన నేలకు వద్దాం. యుద్ధం కోసం పుట్టి, ఇల్లయి, ఆ తర్వాత చదువులశాల అయిన కోట మనకూ ఉంది. అది విజయనగరం కోట.

విజయనగరం ఉత్తరాంధ్రలో ఉంది, మనకేం సంబంధం అనుకోకండి. దాన్ని కట్టించిన పూసపాటి వారి ఇంటిపేరు కృష్ణా ప్రాంతంలోని పూసపాడు నుంచి వచ్చినదే. తమ వంశానికి మూలపురుషుడు బెజవాడ ఏలిన మాధవవర్మ అని వాళ్లు చెప్పుకుంటారు. ఇంద్రకీలాద్రి కథ విన్నవాళ్లకు మాధవవర్మ తెలుసు. తన కొడుకు రథం కింద ఒక పేదరాలి బిడ్డ చనిపోతే కొడుకుకే మరణశిక్ష వేసిన రాజు, ఆ ధర్మానికి మెచ్చి కనకదుర్గమ్మ బంగారు వాన కురిపించిందని మన పెద్దలు చెబుతారు. వంశం ఉత్తరానికి కదిలింది 17వ శతాబ్దం మధ్యలో. గోల్కొండ ఏలుబడిలో, శ్రీకాకుళం ఫౌజుదారు కొలువులో చేరి కుమిలి ప్రాంతాన్ని సంపాదించుకున్నారు. కుమిలిలో మట్టికోట కట్టుకున్నారు. అక్కడి నుంచి విజయనగరానికి మారారు.

1713లో పునాది పడింది. ముహూర్తం గురించి ఆ ఊళ్లో అందరూ చెప్పే మాట ఒకటుంది. కట్టించిన రాజు పేరులో విజయం ఉంది, సంవత్సరం విజయనామ సంవత్సరం, తిథి విజయదశమి, వారం జయవారమైన మంగళవారం, పుట్టబోయే ఊరు విజయనగరం. ఇలా అయిదు విజయాలు కలిసి వచ్చాయంటారు. లెక్క వేసి చూస్తే 1713లో వచ్చిన తెలుగు సంవత్సరం నిజంగానే విజయ. స్థలం చూపించింది అక్కడి అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు అని కూడా చెబుతారు. హిందూ రాజు కోటకు ముస్లిం సాధువు చోటు చూపించాడన్న జ్ఞాపకాన్ని ఆ ఊరు 300 ఏళ్లుగా దాచుకుంది. నాకు ఆ అయిదు విజయాలకంటే ఈ మాటే ఎక్కువ విలువైనది.

కోట చతురస్రం. ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, రాతి గోడ ఎత్తు 10 మీటర్ల దాకా. నాలుగు మూలలా నాలుగు బురుజులు. గోడ పైభాగం చాలా వెడల్పు, మనుషులు గుంపులుగా నడవవచ్చు. తూర్పున పెద్ద ద్వారం, పైన నగారాఖానా. రాజాజ్ఞ చాటాలన్నా, అతిథి వచ్చాడని తెలపాలన్నా అక్కడ నగారా మోగేది. లోపల గుళ్లు, మహళ్లు. చుట్టూ అగడ్త.

ఈ కోటకు నిజమైన పరీక్ష దాని గోడల దగ్గర జరగలేదు. 1757 జనవరి 24న బొబ్బిలిలో జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో, విజయనగరం రాజు పెద విజయరామరాజు తన సైన్యంతో కలిసి బొబ్బిలి మట్టికోటను చుట్టుముట్టారు. లోపలివాళ్లు ఆడవాళ్లను తమ చేతులతోనే చంపుకుని, చివరిదాకా పోరాడి చచ్చిపోయారు. ఆ తర్వాత రాత్రివేళ బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. బుర్రకథల్లో, సినిమాల్లో మనం ఈ కథ ఎన్నోసార్లు విన్నాం, ఇక్కడ విస్తరించను. మన కథకు కావలసింది ఒక్క సంగతి. అయిదు విజయాల కోట కట్టిన వంశంవాడు కోట బయట, గుడ్డ డేరాలో చచ్చిపోయాడు.

అతని తర్వాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ల మీద విరక్తి చెంది ఇంగ్లీషువాళ్లతో చేతులు కలిపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డుతో కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించాడు. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి మన బందరు మీదికి వచ్చారు. బందరు కోట మామూలు కోట కాదు. చుట్టూ ఉప్పునీటి బురదనేల, ఆ వైపు నుంచి ఎవరూ రాలేరని ఫ్రెంచివాళ్ల ధీమా. 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆనందరాజు మనుషులు ద్వారం ముందు అలజడి చేశారు. ఇంకో దండు రాలేరనుకున్న ఆ బురదలోంచే వెళ్లి కేకలు పెట్టింది. లోపలివాళ్ల చూపులు అటూ ఇటూ చెదిరిపోగానే అసలు సైన్యం మూడో వైపు నుంచి గోడెక్కింది. తెల్లారేసరికి బందరు ఇంగ్లీషువాళ్లదయింది. తెలుగు కోస్తాలో ఫ్రెంచివాళ్ల పెత్తనం దాంతో ముగిసింది. నీటి కాపలాను నమ్ముకున్న కోట ఎలా పడిపోతుందో చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు, మన బందరులోనే ఉంది పాఠం. ఆనందరాజు ఆ గెలుపు ఫలం అనుభవించకుండానే మరుసటి ఏడు చనిపోయాడు.

ఆ గెలుపు ఎవరికి లాభించింది? ఈస్టిండియా కంపెనీకి. 35 ఏళ్లు తిరిగేసరికి అదే కంపెనీ విజయనగరం తలుపు తట్టింది. ఈసారి చేతిలో ఉన్నది ఫిరంగి కంటే పదునైనది, బాకీ చీటీ. పేష్కషు, అంటే కప్పం, బకాయి ఎనిమిదిన్నర లక్షల రూపాయలు కట్టమన్నారు. అప్పటి రాజు చిన విజయరామరాజు కట్టలేకపోయాడు. 1793లో జమీను స్వాధీనం చేసుకుని, నెలకు 1200 రూపాయల భరణం ఇస్తాం, బందరు వెళ్లి ఉండమన్నారు. అంటే తన పూర్వీకులు పుట్టిన కృష్ణా తీరానికే అతణ్ని ప్రవాసం పంపించబోయారు. రాజు బయలుదేరాడు, కానీ పద్మనాభం దగ్గర ఆగిపోయాడు. తనవాళ్లు అక్కడికి చేరారు. 1794 జులై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యం వచ్చి పడింది. యుద్ధం ఎంతోసేపు సాగలేదు. రాజు, అతనితోపాటు ముఖ్యులైన బంధువులూ అనుచరులూ అక్కడే నేలకొరిగారు.

గమనించండి. ఈసారి కూడా కోట గోడ మీద నిలబడి ఎవరూ పోరాడలేదు. రాతి గోడలు, బురుజులు, అగడ్త అన్నీ అక్కడే ఉన్నాయి. రాజు బయటి పొలాల్లో చచ్చిపోయాడు.

అతని కొడుకు నారాయణబాబును కొండల్లోని జమీందారులు దాచారు. చివరికి కంపెనీతో రాజీ కుదిరింది. భూమి కొంత తగ్గించి జమీను తిరిగి ఇచ్చారు. 1802లో శాశ్వత శిస్తు బందోబస్తు వచ్చింది. విజయనగరం జమీనుకు 24 పరగణాలు, 1157 ఊళ్లు. ఏటా కంపెనీకి కట్టవలసింది 5 లక్షలు. ఈ ఒక్క కాగితంతో రాజు స్వభావమే మారిపోయింది. సైన్యం ఉండకూడదు. పోలీసు అధికారం సర్కారుది. రాజు పని శిస్తు వసూలు చెయ్యడం, గడువులోగా కట్టడం. సైన్యం లేనివాడికి బురుజు ఎందుకు? పొరుగు జమీందారుతో తగాదా వస్తే కోర్టుకు వెళ్లాలి గాని అగడ్త నింపుకుని కూర్చోనక్కర్లేదు.

జర్మనీలో కోటను ఇల్లుగా మార్చింది ఫిరంగి. తెలుగునాట ఆ పని చేసింది శిస్తు. ఇది నా తీర్పు, దీన్ని గట్టిగానే నమ్ముతున్నాను. మన జమీందారీ కోటల్లో చాలావాటికి గోడలు కూలింది ముట్టడిలో కాదు, 1802 తర్వాత వాటిని బాగు చెయ్యవలసిన అవసరం పోవడం వల్ల.

నారాయణబాబు అప్పుల్లో కూరుకుపోయి, జమీనును కంపెనీ నిర్వహణకు వదిలి కాశీ వెళ్లిపోయాడు. 1845లో అక్కడే చనిపోయాడు. ఏళ్ల తరబడి కోటలో ప్రభువు లేడు. అతని కొడుకు విజయరామ గజపతి జమీనును చేతికి తీసుకున్న తర్వాతే కోటలో మళ్లీ దీపం వెలిగింది. అయితే అది ఇంటి దీపం. 1869లో లోపల మోతీమహల్ కట్టించాడు, అది కొలువు తీరడానికి. ఔధ్‌ఖానా అనే ఎనిమిది పలకల రాతి కట్టడం స్నానాల కోసం. లోపల మెలికలు తిరుగుతూ పైకెళ్లే మెట్లు, పైన నీటి తొట్టి. శత్రువును ఆపడానికి నీరు పట్టిన కోటలోనే స్నానానికి నీరు మెట్లెక్కింది. ఆ రాజు 1860ల్లో లండన్ హైడ్ పార్కులో దారినపోయేవాళ్ల కోసం తాగునీటి ఫౌంటెన్ కూడా కట్టించాడు. దాదాపు నూరేళ్లు నిలిచాక దాన్ని 1964లో తొలగించారు.

1857లో మొదలైన బడి 1879లో మహారాజా కళాశాల అయింది. అదే ఏడు ఆనంద గజపతి గద్దెక్కాడు. ఆయన కాలం గురించి చెప్పాలంటే నాకు ఉత్సాహం ఆగదు. ఆక్స్‌ఫర్డులో ఉన్న జర్మన్ పండితుడు మాక్స్‌మ్యూలర్ సాయణ భాష్యంతో ఋగ్వేదం అచ్చు వేశాడు. ఆ ప్రతులు అయిపోతే రెండో కూర్పుకు డబ్బు పెట్టినవాడు ఆనంద గజపతి. 1890 నుంచి 1892 వరకు నాలుగు సంపుటాలుగా అది వచ్చింది. విశాఖ మండలం రైతులు కట్టిన శిస్తు అలా ఋగ్వేదం అచ్చుకు ఖర్చయింది. దీన్ని మెచ్చుకునేటప్పుడు ఆ రైతుల్ని కూడా తలుచుకోవాలి. ఏ దివాణం ఘనత వెనుకైనా పొలం గట్టు ఉంటుంది.

అంతకంటే గొప్పదనిపించే పని ఇంకొకటి. మండలంలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తయారు చెయ్యమని ఆనంద గజపతి పురమాయించాడు. 1034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. వాటిలో 99 మంది ఆడపిల్లలు అయిదేళ్లవాళ్లు. ముగ్గురికి వయసు ఏడాది. ఈ లెక్కలను గురజాడ అప్పారావు తన నాటకం ‘కన్యాశుల్కం’ ముందుమాటలో ఉదహరించాడు. అప్పారావు ఆ కళాశాలలో పాఠం చెప్పినవాడే, ఆ తర్వాత సంస్థానంలో శాసన పరిశోధకుడుగా పనిచేసినవాడే. కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయి ఆనంద గజపతికే అంకితమైంది. ఆ ఏడే ఆయన చనిపోయాడు. బురుజుల మీద ఫిరంగి నిలబెట్టినన్నాళ్లూ ఆ కోట తెలుగు ఆడపిల్లల్లో ఒక్కరినీ కాపాడలేదు. ఫిరంగి దించాక, అదే దివాణం నుంచి వచ్చిన ఒక జాబితా, ఒక నాటకం ఆ పని మొదలుపెట్టాయి. కోటగా చేసినదానికంటే ఇల్లయ్యాక చేసిన పని పెద్దదని నేను అనడానికి ఇదే ఆధారం.

1919లో ఆ వంశంవారే సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడు. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. మన కృష్ణా జిల్లా కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు పాట నేర్చుకోవాలన్న తపనతో వెళ్లి, ఇంటింటా మాధుకరం ఎత్తుకుని తింటూ చదివింది అక్కడే. కృష్ణా తీరం నుంచి వెళ్లినవాళ్లు అక్కడ కోట కట్టారు, కృష్ణా తీరం నుంచి వెళ్లిన ఇంకొకడు అక్కడ గొంతు తెచ్చుకున్నాడు.

జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది. తెలుగునాట వందల దివాణాల మెడ మీద ఆ రోజే కత్తి పడింది. రైతుకు అది న్యాయం, అందులో రెండో మాట లేదు. అయితే శిస్తు ఆగిపోయాక అంతంత పెద్ద కట్టడాలకు సున్నం వెయ్యడానికి కూడా డబ్బు ఉండదు. చాలామంది వారసులు పంపకాలు వేసుకున్నారు, దూలాలు అమ్ముకున్నారు, గోడ రాళ్లు అమ్ముకున్నారు. విజయనగరంలో పి.వి.జి. రాజు వేరే దారి పట్టాడు. తండ్రి అలక్ నారాయణ గజపతి పేరుతో 1958లో మాన్సాస్ అనే విద్యాసంస్థ పెట్టి కోటను దానికి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఆ గోడల మధ్య ఆడపిల్లల కళాశాలా, ఉపాధ్యాయ శిక్షణా, పై చదువులూ నడిచాయి. ఊరికి కొంచెం దూరంలో ఉన్న కోరుకొండ ప్యాలెస్‌లో 1962లో సైనిక పాఠశాల వచ్చింది.

గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోటలోనూ డిగ్రీ కళాశాల పెట్టారు. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ వచ్చింది. మనకు పొరుగునున్న నూజివీడులో మేకా వారి జమీను పేరు ఇప్పుడు ఎక్కువగా వినబడేది ధర్మ అప్పారావు కళాశాల వల్లనే. కూలిపోకుండా నిలిచిన తెలుగు కోటల్లో చాలావాటిని కాపాడింది పురావస్తు శాఖకంటే బడిగంట. వాడుకలో ఉన్న ఇంటికే ఎవరో ఒకరు పెంకు సర్దుతారు.

విజయనగరం కోటకు ఇంకో వాడుక కూడా ఉంది. విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. పైడితల్లి పెద విజయరామరాజుకు చెల్లెలని, బొబ్బిలి యుద్ధానికి అన్నను వెళ్లవద్దన్నదని, అన్న పోయాక పెద్దచెరువులో వెలసిందని ఆ ఊరి నమ్మకం. పొడవైన చింతమాను చివర పీట కట్టి పూజారిని కూర్చోబెట్టి, మూడులాంతర్ల కూడలి దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. చెరువులోంచి విగ్రహం తీసింది బెస్తవారు గనుక వాళ్ల వలకు ఊరేగింపులో చోటు. పూసపాటి వారు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. లక్షల మంది జనం ఆ బురుజు వైపు చేతులెత్తుతారు. యుద్ధం వద్దన్న ఆడపడుచుకు మొక్కే పండుగకు, యుద్ధం కోసం కట్టిన బురుజు అరుగయింది. ఒక్కసారైనా వెళ్లి చూడవలసిన పండుగ అది.

ఇంత చెప్పాక బాధ కలిగించే సంగతి కూడా చెప్పాలి. మోతీమహల్ ఇప్పుడు లేదు. ఏళ్ల తరబడి శిథిలమై, ఈమధ్య సంవత్సరాల్లో నేలమట్టమైంది. 2020లో మూడులాంతర్ల స్తంభాన్ని తొలగించినప్పుడు ఆ పట్టణం నొచ్చుకుంది. కోటల విషయంలో మనకు ఒక దురలవాటు ఉంది. గోడను కాస్త గౌరవిస్తాం, అగడ్తను అసలు గౌరవించం. గోడ కనిపిస్తుంది, అగడ్త గొయ్యిలా ఉంటుంది. గొయ్యి కనబడితే చెత్త వేస్తాం, మురుగు వదులుతాం, తర్వాత పూడుస్తాం, ఆ తర్వాత దుకాణాలు కడతాం. గోల్కొండ చుట్టూ ఉన్న కందకంలో కూడా చాలా చోట్ల ఇదే జరిగింది. మ్యూన్‌స్టర్‌లాండ్‌లో ఫిషరింగ్‌ను చూడటానికి వెళ్లేవాళ్లు మొదట చూసేది నీటిలో దాని నీడను. అగడ్త పూడ్చి ఉంటే అక్కడ మిగిలేది ఒక పాత భవనం మాత్రమే.

అగడ్తను కాపాడటం వట్టి అలంకారం కూడా కాదు. వాన నీరు ఊరిలో నిలవకుండా తనలోకి తీసుకునే పల్లం అది. చుట్టుపక్కల బావులకు ఊట ఇచ్చేది అది. వందల ఏళ్ల కిందట కూలీలు పారతో, తట్టతో తవ్విన పని. ఆ కూలీల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. వాళ్లు చేసిన పని మాత్రం ఇంకా నేల మీద ఉంది.

తిరువూరు, మైలవరం, నూజివీడు ప్రాంతాల్లో నా మాట వింటున్నవాళ్లకు ఒక మనవి. మీ ఊళ్లో మట్టికోట దిబ్బ ఉండవచ్చు, పాత దివాణం ఉండవచ్చు, కోటకట్ట అనో కందకం అనో పిలిచే గుంట ఉండవచ్చు. మాస్టార్లు పిల్లల్ని తీసుకెళ్లి దాన్ని కొలిపించండి, ఫొటోలు తీయించండి. ఊళ్లో పెద్దవాళ్లు దాని గురించి చెప్పే మాటలు రాయించి బడిలో దాచండి. జమీందారీ కాలపు కాగితాలు, పట్టాలు, శిస్తు రసీదులు ఎవరి పెట్టెలోనైనా ఉంటే చెదలకు వదలకండి, రాష్ట్ర పురావస్తు అధికారులకు చూపించండి. ఆ గుంట పూడ్చాలని పంచాయతీలో మాట వస్తే, తీర్మానం కాకముందే గ్రామసభలో లేచి ఎందుకని అడగండి.